గొడుగుపిల్ల నిలబడే తావులు

గొడుగుపిల్ల రాతిగుట్ట కింద నిలబడి ఉంది. తల మీదుగా ఒక మబ్బు వచ్చి పోతుంది. ఎదురుగా లోయ. లోయ మీద ఒక బండ గాలిలో తేలుతూ ఇవతలికీ అవతలికీ తిరుగుతూ ఉంటుంది. పిల్ల మాత్రం కదలదు. ఎర్రటి గొడుగు మడిచి భుజానికి ఆనించుకుని అట్లాగే ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లు కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకుంటారు. గోవిందప్ప అట్లా అనుకోడు. మబ్బు ఇంకోసారి తిరిగొచ్చి గుట్ట కొనను తాకబోయే ముందు ఆ పిల్ల గొడుగు విప్పి బండ మీదికి ఒక్క దుముకు దుముకుతుందని ఆయనకు తెలుసు. ఆ దుముకు కోసమే పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. ఆ దుముకు ఆయన కూతురిది.

కూతురి పేరు శశికళ. ఇంట్లో శశి అనేవాళ్లు. వేసవి మొదట్లో పోయింది. పదో తరగతిలో పట్టుకున్న కండరాల జబ్బు ముందు కాళ్లను తీసుకుంది, తర్వాత ఎడమచేతిని. చివరికి కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఆమె మాట వినేవి.

ఆట పాతది. శశి చిన్నప్పుడు ధర్మవరం బజారులో కొన్న, టీవీకి తగిలించి ఆడే గేము పెట్టెలోది. ఆ పెట్టె ఎప్పుడో పాడైపోయింది. శశి మంచాన పడ్డాక, పట్టుచీరల డిజైన్లను కంప్యూటర్‌లో గీసే దివాకర్ తన దుకాణంలోని పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇచ్చి, అందులో ఎమ్యులేటర్ వేశాడు. పాత గేము పెట్టె ఎట్లా పనిచేసేదో అచ్చంగా అట్లాగే కంప్యూటర్ చేత చేయించే సాఫ్ట్‌వేర్ అది. గొడుగుపిల్ల మళ్లీ ఇంటికి వచ్చింది.

కానీ పిల్లను నడిపించాలంటే ఒక బటన్‌ను అదిమి పట్టుకునే ఉండాలి. శశి వేళ్లకు ఆ శక్తి లేదు. ఆ ఎమ్యులేటర్‌కు మనం రాసిచ్చిన ఆదేశాలు కూడా పాటించే గుణం ఉంది. వాటిని స్క్రిప్టు అంటారు. శశి ఫోనులో చూసి నేర్చుకుని, ఒక్కో అక్షరం ఒక్క వేలితో కొట్టి, ఒక స్క్రిప్టు రాసుకుంది. ఒకసారి తాకితే స్క్రిప్టే ఆ బటన్‌ను అదిమి ఉంచుతుంది. ఇంకోసారి తాకితే వదులుతుంది. అంతటితో ఆగలేదు. ఆమె ఏ క్షణాన ఏ బటన్ నొక్కిందో అంతా ఒక ఫైలులో రాసిపెట్టేటట్లు చేసింది. ఆ ఫైలును స్క్రిప్టు చేత తిరిగి చదివిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే ఆ బటన్లు అదే క్షణాల్లో నొక్కుకుంటాయి. గొడుగుపిల్ల శశి నడిపించినట్లే నడుస్తుంది. స్క్రీన్ అడుగున కొన్ని గళ్లు గీసి, ఏ బటన్ నొక్కితే ఆ గడి వెలిగేటట్లు కూడా పెట్టుకుంది.

ఆటను ఆపే బటన్ ఆమె వేళ్లకు అందేది కాదు. రాత్రికి అమ్మ చేత ఆపించి మరునాడు ఆగిన చోటినుంచే అందుకునేది, ఫైలూ అక్కడినుంచే సాగేది; కానీ పగలు ప్రతిసారీ ఎవరినో ఒకరిని పిలవడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని ఏ గబ్బిలమూ ఏ రాయీ వచ్చి తగలని చోట్లు ఆటలో వెతికి పెట్టుకుంది. చెయ్యి అలిసినప్పుడు పిల్లను అక్కడికి చేర్చి వదిలేసేది. నిలబడే తావులని వాటికి పేరు పెట్టింది.

శశి దినాలు అయిపోయిన తర్వాత దివాకర్ వచ్చి ఆ ఫైలు తెరిచి చూపించాడు. పైనుంచి కిందికి వరుసలే వరుసలు. సెకనుకు అరవై వరుసలట. కొన్ని వరుసల్లో చుక్కల నడుమ ఒక అక్షరం. కొన్నింట్లో చుక్కలు మాత్రమే.

"ఇవి నీ అట్టలే అనుకో అన్నా" అన్నాడు దివాకర్. "ఒక్కో వరుస ఒక్కో అట్ట. బొక్క కొట్టిన తావున అక్షరం ఉండాది, కొట్టని తావున చుక్క. స్క్రిప్టు నీ జకార్డు. ఎమ్యులేటర్ మగ్గం. నేతగత్తె శశి." ఆ మాట అనేసి వాడు గోడ వైపు తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

గోవిందప్పకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆయన బతుకంతా అట్టలతోనే పోయింది. చీర మీద నెమలి రావాలన్నా మామిడిపిందె రావాలన్నా, గీసిన గళ్ల కాగితం చూసి, గడికొక బొక్క చొప్పున అట్టలు కొట్టి, వాటిని దారంతో వరసగా కుట్టి మగ్గం మీద ఆ బొక్కల లెక్కన దారాలు ఎత్తే జకార్డుకు తగిలించాలి. ఆ పని ధర్మవరంలో ఆయనంత తప్పు లేకుండా చేసేవాళ్లు తక్కువ. ఇప్పుడు యంత్రాలు వచ్చి ఆ పని చేతికి చాలావరకు తప్పిపోయింది. అయినా చూసే చూపు పోలేదు.

ఆ రోజునుంచి ఆయనకు పొద్దున అదే పని. రామలక్ష్మమ్మ రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలకు చుడుతూ ఉంటే, ఆయన పక్క గదిలో, శశి మంచం తీసేసిన చోట కుర్చీ వేసుకుని గొడుగుపిల్లను చూసేవాడు. పిల్ల పరిగెత్తినంతసేపూ ఆయనకు ఊపిరి సులువుగా ఆడేది.

రామలక్ష్మమ్మ ఒకే ఒకసారి వచ్చింది. మొదటి తావు దగ్గర పిల్ల నిలబడింది. మబ్బు వచ్చింది, పోయింది. రామలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

"యాడికి? ఇప్పుడు దుముకుతాది చూడు" అన్నాడు గోవిందప్ప.

"నాతో కాదు. అది అట్ల నిలబడుకుంటే నాకు చూసేకి కాదు."

"ఊరికే నిలబడుకునిందిలే. ముందర బాగుంటాది."

"నువ్వు చూసుకో పో."

మళ్లీ ఆ గదిలోకి ఆ వేళకు రాలేదు.

గోవిందప్ప ఆమెను బలవంతపెట్టడానికి ఒక కారణం ఉంది. ఆట చివర అన్నిటికంటే ఎత్తైన కొండ ఒకటి వస్తుంది. గొడుగుపిల్ల దాని కొన మీదినుంచి దుమికి, గొడుగు విప్పుకుని, స్క్రీన్ అంతా నీలంగా మారిపోయే దాకా తేలుతూ దిగుతుంది. అదే ఆట గెలవడం. శశి ఆ కొండ కొనకు చేరిన పొద్దున తల్లిని కేకేసింది. "అమ్మా, బిన్న రా, దుముకుతాండా." అప్పుడే వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. అది పోతే మళ్లీ ఎప్పుడో. "వస్తాండా పాపా, రెండు బిందెలు పట్టుకోని వస్తా" అని రామలక్ష్మమ్మ వెళ్లింది. వచ్చేసరికి పిల్ల దిగిపోయింది. శశి నవ్వింది. మరుసటి వారమే అనంతపురం ఆస్పత్రిలో చేర్చారు. అక్కడినుంచి ఇంటికి తేలేదు.

ఆ రెండు బిందెల మాట రామలక్ష్మమ్మ పైకి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ట్యాంకర్ వచ్చినప్పుడల్లా ఇప్పుడు గోవిందప్పే వెళ్లి పట్టుకొస్తున్నాడు. ఆమె లేవదు.

ఆ ఒక్క దుముకూ ఆమెకు చూపించాలని గోవిందప్ప మనసులో పడింది. చూస్తే ఆమెకు ఏమవుతుందో ఆయనకు తెలియదు. చూడకపోతే ఏమవుతోందో తెలుసు. కానీ అక్కడిదాకా పోవాలంటే నడుమ ఆ నిలబడే తావులన్నీ దాటాలి. ఆమె మొదటిదానికే లేచి వెళ్లిపోయింది.

అట్లా ఆలోచిస్తూ ఉండగా ఆయనకు తన పనిలోని సంగతి ఒకటి గుర్తొచ్చింది. చీర ఒంట్లో ఒక పువ్వు బుటాకూ ఇంకో బుటాకూ నడుమ సాదా నేత ఉంటుంది. ఆ సాదాకు అట్టలు కొట్టరు. బుటా అయిపోగానే నేసేవాడు జకార్డును ఆపి, కాళ్లతో తొక్కుతూ కావలసినంత సాదా నేసుకుని, మళ్లీ జకార్డును అందుకుంటాడు. గళ్ల కాగితంలో ఖాళీగా ఉన్న భాగం అట్టలు కొట్టేవాడి లెక్కలోకి రాదు. కుర్రతనంలో ఎవరైనా ఖాళీకి కూడా అట్ట తీస్తే, అట్ట దండగ చేస్తున్నావని పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన కళ్లు ఖాళీని చూడగానే పక్కన పెట్టడానికి అలవాటు పడ్డాయి.

ఫైలులో చుక్కలు మాత్రమే ఉన్న వరుసలు ఆయనకు ఆ సాదా లాగే కనిపించాయి. అక్కడ శశి ఏమీ నొక్కలేదు. నొక్కనిది తీసేస్తే పోయేదేముంది? నొక్కినవన్నీ ఒక్కటి తప్పకుండా ఉంటాయి కదా. పిల్ల నిలబడకుండా పరిగెత్తుతుంది, దుముకుతుంది, కొండ ఎక్కుతుంది. రామలక్ష్మమ్మ లేవాల్సిన పని ఉండదు.

ఆయన కొన్ని పొద్దులు కూర్చుని ఆ పని చేశాడు. మౌసుతో ఖాళీ వరుసలను పట్టడం, చెరపడం, దాచడం. దివాకర్ చెప్పిన ఒక మాట మాత్రం గట్టిగా పాటించాడు: ఏ పని చేసినా సేవ్ చెయ్యడం మరవొద్దన్నా. ఆయన మరవలేదు. అక్షరం ఉన్న వరుస ఒక్కటి కూడా చేజారకుండా, కళ్లద్దాలు తుడుచుకుంటూ, వేలితో స్క్రీన్ మీద గీత గీసుకుంటూ చూశాడు. ఒకచోట చుక్కలు ఎంతకీ తెగలేదు. కిందికి పోయినకొద్దీ చుక్కలే. ఇంత దండగా అనుకుని అదంతా కూడా చెరిపాడు. కూతురు పోయిన తర్వాత చేతికి పని తగిలినట్లు అనిపించింది అప్పుడే. బిడ్డకోసం ఏదో నేస్తున్నట్లు ఉంది.

"రామలక్ష్మీ, ఆ కడా దుముకుడు చూస్తావా? నిలబడుకునేది లేకుండా చేసినా" అన్నాడు.

రాట్నం ఆగింది.

"కొండ మీదనుంచి దిగేదేనా?"

"అదే."

"చూస్తా" అంది ఆమె. కొంచెంసేపటికి మళ్లీ, "చూస్తాలే" అంది.

ముందు తానొకసారి చూసుకుందామని మరునాడు ఆమె తన తమ్ముడి ఇంటికి కండెలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు పెట్టాడు. గొడుగుపిల్ల బయలుదేరింది. గుట్ట ఎక్కింది, దిగింది. మొదటి తావు దగ్గర నిలబడలేదు. రెప్పపాటు కూడా ఆగకుండా గొడుగు విప్పి దుమికింది. బండ అప్పుడు లోయకు అవతలి పక్కన ఉంది. పిల్ల నేరుగా లోయలో పడింది.

ఆటలో మూడు ప్రాణాలు ఉంటాయి. రెండోసారి పిల్ల మొదటినుంచి మొదలైంది. కానీ ఇప్పుడు ఫైలులో వచ్చే బటన్లు లోయ తర్వాతి దారివి. పిల్ల ఒక రాతిగోడకు తల ఆనించి నడుస్తూనే ఉంది. లేని గబ్బిలం మీదికి ఎగిరింది. లేని మెట్టు దిగబోయి పడింది. మూడోసారి కూడా అంతే. ఆట అయిపోయి, ఆట పేరు రాసి ఉన్న మొదటి బొమ్మ వచ్చి నిలిచింది. అడుగున గళ్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

గోవిందప్ప మళ్లీ పెట్టాడు. మళ్లీ అట్లాగే. ఆయన లేచి, కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, మోపెడ్ వెనక తాడుతో కట్టుకుని దివాకర్ దుకాణానికి పోయాడు.

దివాకర్ ఒక కొంగు డిజైన్ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమన్నా, మూట కట్టుకోని వచ్చినావు? వదిన తరిమిందా?" అని నవ్వి, ఆయన ముఖం చూసి గ్లాసు పక్కన పెట్టాడు. "ఏమయింది?"

గోవిందప్ప చెప్పాడు. దివాకర్ దుప్పటి విప్పాడు. డబ్బాకు వైర్లు తగిలించి ఫైలు తెరిచాడు. పైకీ కిందికీ తిప్పాడు.

"ఇంకో కాపీ ఎత్తి పెట్టుకునింటివా?"

"కాపీ అంటే?"

"ఇట్లాంటిదే ఇంకోటి."

"ఒక చీరకు రెండు జతల అట్టలు ఎవురు కొడతారప్పా?"

దివాకర్ నుదురు రుద్దుకున్నాడు. "ఖాళీ వరుసలంటే ఏమీ లేదని కాదన్నా. కాలం అన్నా అది. పిల్ల నిలబడుకునింటే బండ నిలబడుకోదు కదా. మబ్బు నిలబడదు. గబ్బిలాలు నిలబడవు. శశి బండ వచ్చే దాక చూసుకోని దుమికింది. నువ్వు ఆ చూసుకునేదంతా తీసేస్తివి."

"నువ్వు అట్టలని చెప్తివే."

"చెప్తి" అన్నాడు దివాకర్. వాడి గొంతు తగ్గింది. "తప్పు చెప్తి. ఈ మగ్గానికి సాదాకు కూడా అట్ట ఉండాలన్నా. నాకు తోచలేదు." ఆపుకోలేక అన్నాడు: "నన్ను ఒక మాట అడిగింటే... బిన్నగా ముందుకు తోసేకి బటను ఉండాది. దాన్ని పట్టుకుంటే నిలబడే తావులు చిటికెలో దాటిపోతాయి. ఫైలును ముట్టుకునే పనే లేదు."

గోవిందప్ప ఆ మాట విన్నాడు. తల ఊపాడు. దుకాణం బయట ఎర్రటి దుమ్ము లేచి, ఎదురు వరుసలోని చీరల కొట్లు కనపడకుండా పోయి, మళ్లీ కనపడ్డాయి.

చెరిపేసిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటే దివాకర్ నడిపించాడు. శశి ఫైలు తాలూకు ముక్కలు ఏవో దొరికాయి కానీ, వాటిలో అక్షరాలు లేవు, గుర్తులు పిచ్చిపిచ్చిగా ఉన్నాయి. ప్రతి పొద్దునా తప్పకుండా సేవ్ చేసిన జాగ్రత్తే పాతదాని మీద కొత్తది, కొత్తదాని మీద ఇంకా కొత్తది పరిచేసింది.

"ఒక పని చేస్తాం ఉండు" అన్నాడు దివాకర్. "స్క్రిప్టు రాస్తా. తీసేసిన తావున ఖాళీ వరుసలు ఒకటొకటే చేర్చి చూస్తాది. పడితే వెనక్కి వచ్చి ఇంకొకటి చేరుస్తాది. దాటే దాక. మగ్గం మీద తప్పు పోతే ఊడదీసి మళ్ల నేస్తాం కదా, అట్లనే. మనిషైతే విసుగొస్తాది. దీనికి రాదు."

వాడు మధ్యాహ్నం దాకా కూర్చుని రాశాడు. తిండికి కూడా లేవలేదు. గోవిందప్ప పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. స్క్రిప్టు మొదలుపెట్టాక స్క్రీన్ మీద కన్ను నిలవలేదు. ఎమ్యులేటర్ లోయ ముందరి క్షణాన్ని దాచిపెట్టుకుని, పిల్లను వదిలి, పడగానే వెనక్కి లాగి, మళ్లీ వదులుతోంది. పిల్ల గొడుగు విప్పుతుంది, పడుతుంది. విప్పుతుంది, పడుతుంది. అంత వేగంలో పడడం కూడా సరిగా కనపడదు. గుట్ట కింద ఒక ఎర్రటి మరక వణికినట్లు ఉంది, అంతే.

"కొంచెం నిదానంగా పడేకి కాదా?" అన్నాడు గోవిందప్ప.

"నిదానమైతే దినాలు పడతాది అన్నా."

ఆయన కళ్లు దించుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"దాటింది! అన్నా, దాటింది చూడు!" దివాకర్ ఆయన భుజం పట్టి ఊపాడు.

గొడుగుపిల్ల బండ మీద నిలబడి అవతలికి పోతోంది. గోవిందప్ప స్టూలు మీదినుంచి లేచాడు. దివాకర్ సంతోషంతో టేబుల్ చరిచి ఆ ముక్క మొదటినుంచి పెట్టి చూపించాడు. పిల్ల గుట్ట కిందికి వచ్చింది. ఒక్క క్షణం నిలబడింది. దుమికింది. బండ అందింది.

గోవిందప్ప ఇంకోసారి పెట్టమన్నాడు. చూశాడు.

"పాప ఇంత కొంచెం సేపు నిలబడుకోలేదప్పా. మబ్బు రెండు మార్లు వచ్చేది."

"స్క్రిప్టు తక్కువలో తక్కువ చూస్తాది. ఈ బండ పోయి పోయి మళ్ల వస్తాంటాది కదా. అది వచ్చినప్పుడల్లా దాటేకి అయితాది. ఇంతసేపు నిలబడినా సరే, దానికి రెండింతలు నిలబడినా సరే."

"అయితే పాపది ఏది?"

దివాకర్ మౌసు వదిలేశాడు. "ఈ తావుది నీకు మబ్బు గుర్తుండాది. సరే, దగ్గర దగ్గరగా పెడతాం. మిగతావి గుర్తుండాయా?"

గోవిందప్ప గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. వంతెన దగ్గర ఒకటి. గుహలో ఒకటి. ఆ తర్వాత ఎన్నో. రోజూ చూశాడు కానీ, నిలబడినంతసేపూ పిల్ల ఎప్పుడు కదులుతుందా అని చూశాడు తప్ప, నిలబడడాన్ని చూడలేదు.

"ఒక తావున తప్పితే ఏమైతాది?"

"తర్వాత వచ్చే గబ్బిలాలు వేరే పక్కనుంచి వస్తాయి. ఆడ మళ్ల స్క్రిప్టు వెతకాల. అవసరమైతే ఒకటి రెండు దుముకుళ్లు కూడా మార్చాల్సి వస్తాది." దివాకర్ కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు. "నా మాట వినన్నా. రెండు మూడు దినాలు ఈడనే నడవనీ. కొండ కొన దాక తీసుకపోతాది. వదిన ఆ దుముకుడు చూస్తాది. ఆమెకు ఏం తెలుస్తాది? నేను చెప్పను, నువ్వు చెప్పొద్దు."

గోవిందప్ప చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు ఆశ లేకపోలేదు. రామలక్ష్మమ్మ కుర్చీలో కూర్చుని, స్క్రీన్ నీలంగా మారేదాకా చూసి, ఏదో ఒకటి అనడం ఆయన కళ్ల ముందు కనపడింది. స్క్రిప్టు అప్పటికే రెండో తావు దగ్గర మొదలుపెట్టింది. వంతెన కొసన ఎర్రటి మరక వణుకుతోంది.

"నిలుపప్పా" అన్నాడు.

"అన్నా..."

"దావ అది కనుక్కుంటాండాది. పాప కాదు. నిలుపు. చాలు."

దివాకర్ ఆపాడు. డబ్బాను వాడే దుప్పట్లో చుట్టి మోపెడ్ మీద కట్టాడు. తాడు ముడి వేస్తూ, "నాదే తప్పు అన్నా, అట్టలని చెప్పకుండింటే" అన్నాడు. కాదని చెప్పాలని గోవిందప్పకు తెలుసు. బండి తన్నాడు.

ఇంటికి వచ్చేసరికి రామలక్ష్మమ్మ గడపలో కూర్చుని ఉంది.

"యాడికి ఎత్తుకపోయింటివి దాన్ని?"

"దివాకర్ కాడికి."

"చూపిస్తానంటివే?"

గోవిందప్ప డబ్బాను లోపల పెట్టి వచ్చి ఆమె పక్కన గడప మీదే కూర్చున్నాడు. ఏమీ దాచకుండా చెప్పాడు. తాను ఏది సాదా అనుకున్నాడో, ఏం తీసేశాడో, పిల్ల ఎక్కడ పడిందో. కొండ కొన ఇంక రాదని చెప్పాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

ఆమె ఒడిలోని పట్టు చిక్కును వేళ్లతో విడదీస్తూ ఉంది.

"గుట్ట కింద నిలబడుకునేది కూడా తీసేసినావా?" అంది.

"అన్నీ తీసేసినా."

"ఆడ నేను దానికి సంగటి తినిపిస్తాంటి. ముద్ద నోట్లో పెట్టుకోని, నమలకుండా, బండ తట్టు చూస్తానే ఉండె. నములు పాపా, నములు అంటాంటి."

గోవిందప్ప ఆమె ముఖం చూశాడు.

"వంతెన కాడ జడ వేస్తి. బిగువయిందని కసిరింది. విప్పి మళ్ల వేస్తి. గుహలో పక్క తిప్పితి. ఆ పొద్దు వీపు పుండు పగిలింది. ఇద్దరం ఏడిస్తిమి. పైన గబ్బిలాలు తిరుగుతాండె, అవి తగలవులే అమ్మా, ఇది నిలబడే తావు అనె."

"నీకు ఇవన్నీ..."

"నువ్వు దుకాణాల వెంబడి తిరుగుతాంటివి. ఆడ నేనే కదా ఉండేది." ఆమె చిక్కు విడదీయడం ఆపింది. "ఇంకొక తావున ఏమీ చెయ్యలేదు. ఊరికే దాని చెయ్యి పట్టుకోని కూర్చుంటి. ఆట మరిచిపోయింది అది. నేను పొయ్యి మీద పెట్టింది మరిచిపోతి. శానా సేపు. అంత సేపు అది యాడా నిలబడలేదు."

చుక్కలు ఎంతకీ తెగని ఆ చోటు గోవిందప్పకు కళ్లకు కట్టింది. దాన్ని చెరిపేటప్పుడు ఆయన ఒకసారి నడుము వాల్చి, నీళ్లు తాగి వచ్చి, మళ్లీ కూర్చుని చెరిపాడు.

"మరి ఆ పొద్దు నడుమనే లేచి పోతివే. నాకు ఒక మాట చెప్పింటే..."

"ఏమని చెప్పాల? ఆడ ఏమీ అగుపడదు. అది నిలబడుకోని ఉండేదే అగుపడతాది. నాకు అంతా అగుపడె. తట్టుకోలేక లేస్తి. ఇంకో దినం చూస్తాంలే, ఒక పక్క ఉండాది కదా, యాడికి పోతాది అనుకుంటి."

వీధిలో ఎవరి ఇంట్లోనో మగ్గం చప్పుడు నడుస్తూ ఉంది. రామలక్ష్మమ్మ చిక్కు పక్కన పెట్టి లేచింది.

"పెట్టు" అంది.

"ఏముండాది పెట్టేకి? గుట్ట కాడనే పడిపోతాది."

"ఉన్నంత పెట్టు."

ఆయన వైర్లు తగిలించాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. ఆయన నేల మీద కూర్చున్నాడు. గొడుగుపిల్ల బయలుదేరింది, గుట్ట దిగింది, ఆగకుండా దుమికి లోయలో పడింది. రాతిగోడకు తల ఆనించి నడిచింది. పడింది. మళ్లీ పడింది. ఆట పేరు వచ్చి నిలిచింది.

గోవిందప్ప ఆపబోయాడు. "ఉండనీ" అంది రామలక్ష్మమ్మ.

ఆమె బొమ్మను చూడడం లేదు. అడుగున ఉన్న గళ్లను చూస్తోంది. అవి వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. శశి వేలు తాకిన ప్రతి తాకుడూ అక్కడ ఉంది, వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా. వంతెన మీది దుముకుళ్లు, గుహలోని గెంతులు, కొండ ఎక్కిన అడుగులు. ఎక్కేందుకు కొండ లేదు. ఎక్కే పిల్ల లేదు. బటన్లు మాత్రం ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వారాల తరబడి, నడుమ నడుమ వాలిపోయి, తేరుకుని, రెండు వేళ్లతో చేసిన పని ఊపిరి తిప్పుకోకుండా పరిగెడుతోంది. రామలక్ష్మమ్మ కుడిచెయ్యి ఒడిలో ముడుచుకుంది. ఆమె ముందుకు వంగింది.

"నిలుపయ్యా" అంది. "నిలుపు దాన్ని. పాపకు చెయ్యి నొప్పి పుడతాది."

గోవిందప్ప నిలిపాడు.